లేతు మిషను పక్కన చరిత్ర పాఠం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నేను చరిత్రలో ఎం.ఏ. చదివాను. పదేళ్ళు ప్రూఫులు దిద్దే పని చేసి, ఈ మధ్యే ఒక సాంకేతిక కళాశాలలో వారానికి ఆరు గంటలు జనరల్ స్టడీస్ చెప్పడానికి పార్ట్‌టైమ్‌గా చేరాను. నా చేతికిచ్చిన సిలబస్ అరపేజీకి మించి లేదు. ‘సమాజం, పర్యావరణం, పౌరుని బాధ్యతలు, భావప్రకటన’ అని నాలుగు మాటలు రాసి వదిలేశారు. సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ అని మూడు బ్యాచ్‌లున్నాయి. మొదటి రోజు పారిశ్రామిక విప్లవం మీద చాలా సిద్ధమై వెళ్ళాను. ఇరవై నిమిషాలు గడిచేసరికి వెనక బెంచీలోంచి ఒకబ్బాయి లేచి, ‘మేడమ్, ఇది పరీక్షలో వస్తుందా?’ అని మర్యాదగానే అడిగాడు. రాదని చెప్పాను. ఆ తర్వాత ఎవరూ అల్లరి చేయలేదు, ఎవరూ వినలేదు కూడా. అందరూ వర్క్‌షాపు రికార్డులు రాసుకుంటూ కూర్చున్నారు. అసలు ఈ సబ్జెక్టు సాంకేతిక కళాశాలలో ఎందుకుంది? ఉన్నందుకు నేను ఏం చెప్పాలి?

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ‘మర్యాదగానే’ అన్నది. ఆ అబ్బాయి మిమ్మల్ని ఎగతాళి చేయలేదు. కళాశాల తనకు నేర్పిన లెక్కే మీకు అప్పజెప్పాడు. మార్కులున్న సబ్జెక్టులకు ఉదయం గంటలిచ్చి, మీ సబ్జెక్టును సాయంత్రం చివరి గంటలో పెట్టి, దానికి పరీక్ష లేదని కళాశాలే ప్రకటించినప్పుడు, విద్యార్థి ఆ టైంటేబుల్‌ను సరిగ్గానే చదువుకున్నాడు. కాబట్టి మొదటి రోజు అనుభవాన్ని మీ బోధన మీద తీర్పుగా తీసుకోకండి.

సబ్జెక్టు ఎందుకుందన్న ప్రశ్నకు కొంత చరిత్ర ఉంది, అది మీకు పనికొస్తుంది కూడా. రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత చాలా దేశాల్లో ఒకే అనుమానం తలెత్తింది: యంత్రాలను ఇంత బాగా చేయగలిగినవారికి ఆ యంత్రాలు మనుషుల మధ్య ఏం చేస్తాయో ఆలోచించే అలవాటు చదువులో ఎక్కడైనా దొరుకుతోందా? అమెరికాలో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ నియమించిన లూయిస్ కమిటీ 1949లో ఇచ్చిన నివేదిక ఫలితంగా, 1950లో ఆ సంస్థలో మానవీయ, సామాజిక శాస్త్రాలకు ఒక ప్రత్యేక విభాగమే ఏర్పడింది. భారతదేశంలో 1948–49 నాటి రాధాకృష్ణన్ కమిషన్ కూడా విశ్వవిద్యాలయ చదువులో సాధారణ విద్యకు చోటుండాలని గట్టిగా చెప్పింది. మీ పరిస్థితికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది బ్రిటన్ ఉదాహరణ. అక్కడి విద్యామంత్రిత్వ శాఖ 1957లో 323వ నంబరు సర్క్యులర్ ద్వారా సాంకేతిక కళాశాలల్లో ఉదార విద్యకు, అంటే వృత్తికి మించిన విశాలమైన చదువుకు, చోటివ్వాలని కోరింది. వారంలో నాలుగు రోజులు ఫ్యాక్టరీలోనో గ్యాసు పైపుల పనిలోనో ఉండి, ఒక్క రోజు కళాశాలకు వచ్చే కుర్రవాళ్ళకు వారానికి ఒక గంట ‘లిబరల్ స్టడీస్’ అలా వచ్చింది. దాని పేరే తర్వాత చాలాచోట్ల ‘జనరల్ స్టడీస్’గా మారింది. ఆ గంటలు చెప్పడానికి ఎక్కువగా దొరికింది మీవంటివారే: సాహిత్యమో చరిత్రో చదువుకుని, లేతు మిషను ముఖం చూడని పార్ట్‌టైమ్ ఉపాధ్యాయులు.

ఆ సర్క్యులర్‌లో ఒక సంగతిని జనం తొందరగా మరిచిపోయారని నాకనిపిస్తుంది. కొత్త సబ్జెక్టులు చేర్చమని మాత్రమే అది చెప్పలేదు. సాంకేతిక విషయాలనే మరింత విశాలంగా చెప్పమనీ, గ్రంథాలయాన్నీ చర్చలనీ ప్రాజెక్టు పనినీ వాడుకోమనీ కూడా చెప్పింది. కళాశాలలు మాత్రం సులువైన దారి పట్టాయి. టైంటేబుల్‌లో ఒక గంట ఖాళీ చేసి, అందులో ఒక మాస్టారిని కూర్చోబెట్టి, ‘వీళ్ళకు కాస్త సంస్కారం నేర్పండి’ అన్నాయి. ఇప్పటి కళాశాలలు సంస్కారం అన్న మాట తీసేసి ‘సాఫ్ట్ స్కిల్స్’ అంటున్నాయి. రెండింటిలోనూ ఉన్న పొరపాటు ఒకటే: ఎదుట కూర్చున్న విద్యార్థిలో ఏదో లోటుందని, దాన్ని బయటినుంచి తెచ్చి పూడ్చాలని అనుకోవడం. పద్దెనిమిదేళ్ళ కుర్రవాడికి ఆ వాసన తలుపు దగ్గరే తెలిసిపోతుంది.

నేను కూడా ఒకప్పుడు నాలుగేళ్ళు ఇలాంటి కళాశాలలో గంటల లెక్కన పనిచేశాను. మొదటి ఏడాదంతా మీలాగే గోడకు చెప్పాను. మార్పు తెచ్చినది ఒక డ్రాయింగు. సివిల్ బ్యాచ్‌కు నేను చెప్పిన ఆ పాఠాన్ని కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే పద్ధతి అందులోనే ఉంది.

1981 జూలై 17న అమెరికాలోని కాన్సస్ సిటీలో ఒక హోటల్ లోపల, హాలుకు అడ్డంగా వేలాడదీసిన రెండు నడక వంతెనలు కూలి 114 మంది చనిపోయారు. నాలుగో అంతస్తు వంతెన కిందే రెండో అంతస్తు వంతెన ఉంది. మొదట వేసిన డిజైను ప్రకారం, పైకప్పు నుంచి దిగే ఒకే పొడవాటి ఉక్కు కడ్డీ రెండు వంతెనల గుండా పోవాలి. ప్రతి వంతెన కిందా ఒక నట్టు ఉండి, ఆ వంతెన బరువును మాత్రమే అది కడ్డీకి అందించాలి. అంత పొడవు కడ్డీకి మర (నట్టు ఎక్కడానికి చుట్లుగా తీసే గాడి) తీసి నట్టును అంత దూరం ఎక్కించడం కష్టమని, తయారీ దశలో దాన్ని రెండు కడ్డీలుగా మార్చారు. ఒకటి పైకప్పు నుంచి పై వంతెన దాకా వచ్చింది. రెండోది పై వంతెన దూలం నుంచి కింది వంతెన దాకా దిగింది. కాగితం మీద చూస్తే చాలా చిన్న మార్పు.

నేను బోర్డు మీద రెండు బొమ్మలూ పక్కపక్కన గీసి, ‘తేడా ఏమిటి?’ అని మాత్రం అడిగాను. కొంతసేపు ఎవరూ పలకలేదు. తర్వాత కిటికీకి ఒక తాడు కట్టి, దానికి రెండు చోట్ల బట్టలు ఆరేసే క్లిప్పులు పెట్టి, ఒక్కొక్క క్లిప్పుకు గుప్పెడు నట్లు పోసిన చిన్న సంచీ తగిలించాను. రెండూ నిలిచాయి. రెండో సంచీని తాడు మీది క్లిప్పు నుంచి తీసి, మొదటి క్లిప్పుకే వేలాడగట్టాను. ఆ క్లిప్పు మెల్లగా జారి, నట్లన్నీ గది నిండా దొర్లాయి. అప్పటిదాకా రికార్డు రాసుకుంటున్న ఒకడు, ‘సార్, పై నట్టు మీద బరువు రెండింతలైంది’ అన్నాడు. అతనికి ఆ మాట నేను చెప్పలేదు; అతని స్ట్రక్చర్స్ మాస్టారు ఎప్పుడో చెప్పిన పాఠం అతని నోటినుంచి వచ్చింది. అక్కడినుంచి జనరల్ స్టడీస్ మొదలైంది. మార్పు అడిగింది ఎవరు? ఆ డ్రాయింగు మీద సంతకం పెట్టింది ఎవరు? సంతకం అంటే చూశానని అర్థమా, లెక్క వేశానని అర్థమా? అసలు డిజైనే నిబంధనలు కోరిన బలానికి తక్కువగా ఉందని విచారణలో తేలినప్పుడు, తప్పును ఎవరెవరి మధ్య ఎలా పంచాలి? ఆ ఘటనలో బాధ్యులైన ఇంజినీర్లు లైసెన్సులు పోగొట్టుకున్నారని చెప్పగానే, అది న్యాయమేనని సగం మంది, ఫ్యాక్టరీవాళ్ళను ఎందుకు వదిలారని మిగతా సగం వాదించుకున్నారు. గంట కొట్టినా లేవలేదు. చట్టం, నీతి, మీ అరపేజీ సిలబస్‌లో ఉన్న పౌరుని బాధ్యత, మూడూ ఆ నట్టు చుట్టూనే తిరిగాయి.

మీ పారిశ్రామిక విప్లవాన్ని వదులుకోమని నేను చెప్పడం లేదు. మెకానికల్ బ్యాచ్‌కు దాన్ని నట్టు, బోల్టుల మీది మర దగ్గరనుంచి చెప్పండి. పందొమ్మిదో శతాబ్దం సగం దాకా ఇంగ్లండులో ఏ వర్క్‌షాపు మర దానిదే. ఒకచోట చేసిన బోల్టుకు మరోచోట నట్టు దొరకదు. జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజినీరు అనేక వర్క్‌షాపుల నుంచి మరలు సేకరించి, వాటి సగటును బట్టి 1841లో 55 డిగ్రీల కోణంతో ఒక ప్రమాణాన్ని ప్రతిపాదించాడు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీల కోణంతో, చేయడానికి ఇంకా సులువైన మరను ప్రతిపాదించాడు. ఐదు డిగ్రీల తేడాతో రెండు దేశాలూ ఎనభై ఏళ్ళు ఎవరి దారిన వారు పోయాయి. రెండవ ప్రపంచ యుద్ధంలో ఒకే పక్షాన పోరాడుతూ, ఒకరి యంత్రాలకు మరొకరి నట్లు పట్టక ఇబ్బంది పడ్డాకే, 1948లో బ్రిటన్, కెనడా, అమెరికా కలిసి ఒక ఉమ్మడి మరకు ఒప్పుకున్నాయి. మీరు చరిత్ర చదివినవారు కాబట్టి ఫ్యాక్టరీ, వాణిజ్యం, సామ్రాజ్యం, యుద్ధం అన్నీ ఈ కథలోకి ఎక్కడెక్కడ వస్తాయో మీకు నేను చెప్పనక్కరలేదు. మీకు తెలియనిది 55 డిగ్రీల మర చేతికి ఎలా తగులుతుందన్నది. అది వాళ్ళకు తెలుసు. మర గేజీ (మరను కొలిచే పరికరం) తెచ్చి చూపించమని వాళ్ళనే అడగండి.

ఎలక్ట్రికల్ బ్యాచ్‌కు బల్బు కథ ఉంది. 1924లో జెనీవాలో పెద్ద బల్బు తయారీదారులు ఫీబస్ అనే కూటమిగా ఏర్పడి, సాధారణ బల్బు ఆయుష్షును వెయ్యి గంటల దగ్గర నిలబెట్టాలని నిర్ణయించుకున్నారు. ఎక్కువ కాలం వెలిగే బల్బులు చేసిన సభ్యులకు జరిమానా కూడా పెట్టుకున్నారు. ఇంతవరకు చెబితే తరగతి అంతా ‘మోసం’ అంటుంది. నా తరగతిలో మాత్రం ఒక విద్యార్థి చేయి ఎత్తి, టంగ్‌స్టన్ తీగ ఎంత వేడెక్కితే అంత తెల్లగా, తక్కువ కరెంటుకు ఎక్కువ వెలుగిస్తుందనీ, అదే వేడికి అంత తొందరగా పాడవుతుందనీ, రెండు వేల గంటలు బతికే బల్బు పసుపుపచ్చగా వెలుగుతూ కరెంటు తింటుందనీ వివరించాడు. నాకు ఆ రోజు దాకా అది తెలియదు, తెలియదనే చెప్పాను. అయితే జరిమానా ఎందుకు పెట్టుకున్నారన్న ప్రశ్న అతని వివరణ తర్వాత కూడా మిగిలే ఉంది; ఆ తర్వాతి అరగంట నిజంగా ఆర్థికశాస్త్రమే. ఉపాధ్యాయుడి కన్నా విద్యార్థికి ఎక్కువ తెలిసిన సందర్భాన్ని భయపడి దాటేయకుండా పాఠంగా మలచుకునే వీలు ఈ సబ్జెక్టులో ఉన్నంతగా మరి దేనిలోనూ లేదు.

ఒక హెచ్చరిక మాత్రం చేస్తాను. కూలిన వంతెనలే వారం వారం చెబితే మీ గంట ప్రమాదాల పురాణమవుతుంది, విద్యార్థులు కూడా ‘ఈ వారం ఎంతమంది పోయారు మేడమ్?’ అని అడగడం మొదలుపెడతారు. నన్ను అడిగారు కూడా. అప్పుడప్పుడు వాళ్ళ వృత్తితో ఏ సంబంధమూ లేని ఒక కథో కవితో చదవండి, కారణం చెప్పకుండా చదవండి. పనికొచ్చేదే వినాలన్న నియమం వాళ్ళకు ఇతర గంటల్లో చాలినంత ఉంది.

ప్రశ్న: పార్ట్‌టైమ్ అన్న మాటేగానీ, వారానికి ఎనిమిది గంటల క్లాసులకు నా ఇరవై గంటలు పోతున్నాయి. జీతం క్లాసులో ఉన్న గంటకే. సెలవులకు, రద్దయిన క్లాసులకు ఏమీ రాదు. స్టాఫ్‌రూమ్‌లో నాకు కుర్చీ కూడా లేదు. కొనసాగడం తెలివైన పనేనా?

జవాబు: తెలివైనదో కాదో మీ మిగతా సంపాదన మీద ఆధారపడి ఉంటుంది, ఒక్క ఈ గంటల మీదే బతకాలనుకుంటే కాదనే చెబుతాను. బోర్డు ముందు నిలబడిన గంటకు లెక్కగట్టే పద్ధతిలో పాఠం సిద్ధం చేయడం, పేపర్లు దిద్దడం, ప్రయాణం అన్నీ ఉచితంగా పోతాయి. నేను పనిచేసిన చోట క్రీడోత్సవానికీ, తనిఖీ బృందం వచ్చిన రోజులకీ కలిపి ఒక టర్ములో తొమ్మిది క్లాసులు పోయాయి. ఆ తొమ్మిదింటికీ నేను వెళ్ళి, తాళం వేసిన గది చూసి తిరిగి వచ్చాను, ఒక్కదానికీ డబ్బు రాలేదు.

చేరేముందే, లేదా కొత్త టర్ము మొదలయ్యేముందు, కొన్ని సంగతులు కాగితం మీద రాయించుకోండి. కళాశాల తనంతట తాను రద్దు చేసిన క్లాసుకు డబ్బిస్తారా, పరీక్షల డ్యూటీకీ దిద్దుబాటుకూ వేరే లెక్కుందా, మానేయమనడానికి ఎన్ని రోజుల ముందు చెబుతారు అన్నవి అందులో ముఖ్యం. నోటిమాటగా ఒప్పుకున్న ప్రిన్సిపాల్ వచ్చే ఏడాదికి బదిలీ అయిపోవచ్చు. చెప్పిన ప్రతి గంటనూ తేదీతో ఒక నోటుబుక్కులో రాసుకుని నెలాఖరున సంతకం చేయించుకోండి. అకౌంట్స్ విభాగం దగ్గర మీ జ్ఞాపకశక్తి చెల్లదు.

సిద్ధం కావడానికి పట్టే సమయం మొదటి ఏడాదే ఎక్కువ. ఎనిమిది గంటలకు ఎనిమిది పాఠాలు తయారు చేస్తున్నట్టయితే అది మీరే తగ్గించుకోవాలి. ఒకే పాఠాన్ని రెండు మూడు బ్యాచ్‌లకు వృత్తిని బట్టి ఉదాహరణ మార్చి చెప్పండి, మూడోసారికి పాఠమే బాగుపడుతుంది. కుర్చీ విషయంలో మాత్రం స్టాఫ్‌రూమ్‌తో పోట్లాడకుండా వర్క్‌షాపు వైపు వెళ్ళమని నా సలహా. ఫిట్టింగ్ ఇన్‌స్ట్రక్టర్ దగ్గర ఒక స్టూలు ఎప్పుడూ ఉంటుంది. మీ విద్యార్థులు అక్కడ ఎలా ఉంటారో చూస్తారు, పాఠాలకు సరుకు కూడా అక్కడే దొరుకుతుంది. టైంటేబుల్ వేసే గుమస్తాతో పరిచయం ప్రిన్సిపాల్‌తో పరిచయం కన్నా ఎక్కువ పని చేస్తుందన్నది నా అనుభవం. మధ్యాహ్నం వర్క్‌షాపులో మూడు గంటలు నిలబడిన పిల్లలకు చివరి గంట ఇవ్వొద్దని నేను ఆయననే అడిగాను. తర్వాతి టర్ములో ఉదయం రెండో గంటకు మార్చారు.

ప్రశ్న: మా కళాశాలలో జనరల్ స్టడీస్‌కు ఈ ఏడాది నుంచి మార్కులు పెట్టమన్నారు. ‘యంత్రాలు వస్తే ఉద్యోగాలు పోతాయా?’ అని వ్యాసం రాయమంటే, అందరూ ఎక్కడో చూసి ఒకే వ్యాసం రాసుకొచ్చారు. అభిప్రాయానికి మార్కులెలా వేయాలి?

జవాబు: అభిప్రాయానికి వేయవద్దు. పోతాయన్నవారికీ పోవన్నవారికీ ఒకే మార్కు రావడానికి వీలుండాలి. ఎదుటి వాదాన్ని న్యాయంగా చెప్పాడా, చెప్పినదానికి ఒక్క నిదర్శనమైనా చూపాడా, చదివినవాడు మళ్ళీ వచ్చి అడగనక్కరలేకుండా రాశాడా అన్నవి చూడండి. ఎవరి నోట్లోనైనా ఇమిడే ప్రశ్న ఇస్తే ఎవరి వ్యాసమైనా దానికి సరిపోతుంది. అందుకే వాళ్ళకు వ్యాసాలు ఇవ్వడం మానేసి అరపేజీ మెమోలు ఇవ్వండి: తాను పనిచేసిన ఒక మిషను గురించి, ఒక ఫలానా మార్పు ఎందుకు చేయాలో లేదా ఎందుకు చేయకూడదో సూపర్‌వైజరుకు రాయాలి. అది ఎక్కడా దొరకదు.

ఇంత చిన్న రాతకు ఏం విలువని వాళ్ళడిగితే, 1999 సెప్టెంబరు 23న అంగారకుడి దగ్గర పోయిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే అమెరికా అంతరిక్ష నౌక సంగతి చెప్పండి. భూమి మీది ఒక సాఫ్ట్‌వేరు ఇంజిన్ల తోపుడు లెక్కను పౌండ్-ఫోర్స్ సెకన్లలో ఇచ్చింది, అందుకున్న బృందం దాన్ని మెట్రిక్ కొలతైన న్యూటన్ సెకన్లనుకుంది. నౌక ఉండవలసిన ఎత్తుకు చాలా కిందుగా పోయి వాతావరణంలో చిక్కుకుంది. దారి తప్పుతోందని ముందే అనుమానించినవారున్నారు, కానీ ఆ అనుమానం పద్ధతి ప్రకారం రాతలో నమోదై పైకి వెళ్ళలేదు. భావప్రకటన అన్న పాఠానికి ఇంతకన్నా ముందుమాట అవసరం లేదు.

దిద్దేటప్పుడు పేపరంతా ఎర్రగా చేయకుండా, ఒక్క వాక్యం చుట్టూ గీత గీసి తిరగరాయమని ఇవ్వండి. మార్కు రెండోసారి రాసినదానికే వేయండి. నా దగ్గర ఒక విద్యార్థి మొదట ‘డ్రిల్లింగ్ మిషను సరిగా లేదు, చూడగలరు’ అని రాశాడు. ఏది సరిగా లేదు, ఎప్పుడు, ఎవరు చూశారు అని మార్జినులో మూడు ప్రశ్నలు రాసి వెనక్కిచ్చాను. మూడో రోజు తెచ్చిన కాగితంలో, ‘రెండో నంబరు డ్రిల్లింగ్ మిషను చక్‌లో 10 మిల్లీమీటర్ల బిట్టు సోమవారం నుంచి బరువు పడగానే జారుతోంది, చక్ కీతో మూడు వైపులా బిగించినా ఆగలేదు, దవడలు అరిగి ఉంటాయని నా అనుమానం, మార్చేదాకా దీని మీద పెద్ద బిట్లు వాడవద్దని బోర్డు పెట్టాలని కోరుతున్నాను’ అని ఉంది. పదికి తొమ్మిది వేశాను. తేదీ వేయడం మరిచాడు.